అడగని చుక్క

పిక్సెల్ ఆర్ట్ మీద ఇష్టమున్నవాళ్లు కాస్త దగ్గరికి జరగండి. లేనివాళ్లూ కూర్చోండి, ఇవాళ్టి కబుర్లకు గీయడం రావాల్సిన పని లేదు. నేను చెప్పాలనుకుంటున్నది బొమ్మల గురించి కాదు. ఆ బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌ను ఏళ్ల తరబడి బాగుచేస్తూ, ఒక్కో సౌకర్యం చేరుస్తూ కూర్చునే మనుషుల పని గురించి. పైకి చిన్న పనిలాగే ఉంటుంది. దానికెంత ఓపిక కావాలో లోపలికి తొంగిచూస్తే గానీ తెలియదు.

ముందు చిన్న లెక్క. మీ ఫోను కెమెరా తీసే ఫోటోలో కోటి చుక్కలైనా ఉంటాయి. అందులో ఒకటి రంగు తప్పితే ఎవరూ పోల్చుకోలేరు. పిక్సెల్ ఆర్ట్‌లో ఒక పాత్ర గీయడానికి చాలామంది మొదలుపెట్టే కొలత అడ్డం 16, నిలువు 16. మొత్తం 256 చుక్కలు. అందులో కన్నంటే ఒక చుక్క. ముక్కంటే ఇంకో చుక్క, అదీ చోటు మిగిలితే. నింటెండో వాళ్ల మారియోకి మీసం ఎందుకొచ్చింది? అంత చిన్న బొమ్మలో నోరు గీసే చోటు లేక. టోపీ ఎందుకొచ్చింది? జుట్టు గీసి కదిలించడం కష్టమై. మారియోను సృష్టించిన షిగెరు మియామోటో స్వయంగా చెప్పిన సంగతే ఇది.

అందుకని ఇలాంటి ఎడిటర్‌కు ఉండాల్సిన ముఖ్యగుణం నా దృష్టిలో ఒక్కటే. మనం అడగని చుక్క అది పెట్టకూడదు, అడిగిన చుక్క పోగొట్టకూడదు. వినడానికి ఇంతే. కానీ వెర్షన్ వెర్షన్‌కూ వచ్చే మార్పుల జాబితా తీసి చదవండి, అందులో చాలా భాగం ఈ ఒక్క మాట నిలబెట్టుకోవడానికి పడే పాట్లే.

నమ్మకం కుదరకపోతే పెన్సిల్ సంగతే చూడండి. పెన్సిల్ పట్టుకుని చేత్తో ఏటవాలుగా ఒక గీత లాగుతారు. చెయ్యి మెట్లు మెట్లుగా వెళ్తుంది కదా. మూడో నిలువు వరస, మూడో అడ్డ వరసలో ఒక చుక్క పడుతుంది. చెయ్యి పక్కకు జరిగి నాలుగో నిలువు వరసలో, అదే అడ్డ వరసలో ఇంకోటి. ఆ తర్వాత కిందికి దిగి నాలుగో నిలువు, నాలుగో అడ్డం దగ్గర మూడోది. ఈ మూడూ కలిసి ఒక మూలమట్టం ఆకారం. మీకు కావలసింది ఏటవాలు గీత, అంటే మొదటిదీ మూడోదీ మాత్రమే. నడుమ పడ్డది అడగని చుక్క. గీత పొడవునా అలాంటివి నాలుగైదు పడితే అంచు గరుగ్గా, బొబ్బలెక్కినట్టు కనిపిస్తుంది.

దీనికి విరుగుడుగా వచ్చిన సౌకర్యాన్ని పిక్సెల్ పర్‌ఫెక్ట్ అంటారు. సూత్రం ఇంతే: గీస్తున్నంతసేపూ చివరి మూడు చుక్కల్ని గుర్తుపెట్టుకో, మొదటిదీ మూడోదీ మూలకు మూల తగులుతుంటే నడిమిదాన్ని తీసెయ్. చదువుకునే పిల్లలైనా ఒక పూటలో రాసేస్తారు. రాశాక మొదలవుతుంది అసలు కథ. తీసెయ్యడమంటే ఏం చెయ్యాలి? చెరిపేస్తే కుదరదు. మీరు నీలం ఆకాశం మీద నల్లగీత గీస్తున్నారనుకోండి, చెరిపిన చోట ఆకాశానికి చిల్లు పడుతుంది. అంటే నల్లచుక్క పెట్టకముందు అక్కడ ఏ రంగుందో ప్రోగ్రాం దాచిపెట్టుకుని, మళ్లీ దాన్నే తెచ్చి పెట్టాలి. సరే, అదీ చేశారు. ఇప్పుడు మీరు అద్దం పెట్టారు, ఎడమవైపు గీస్తే కుడివైపూ అదే గీత పడాలి. రెండువైపులా ఒకటే జ్ఞాపకం వాడితే ఎడమవైపు దాచిన రంగు తెచ్చి కుడివైపు అతికిస్తుంది. ఏ వైపుకు ఆ వైపు వేరే జ్ఞాపకం ఉండాలి. నిలువుగానూ అడ్డంగానూ అద్దాలు పెడితే నాలుగు కావాలి. ఒక్క పెన్సిల్ కింద ఇంత యంత్రాంగం ఉంది. ఇన్ని జాగ్రత్తలూ సరిగ్గా కుదిరిన రోజు ఆ పెన్సిల్ పట్టుకున్నవాళ్లకు ఏమీ తెలియదు, గీత గీతలాగే పడుతుంది. ఆ ఏమీ తెలియకపోవడం కోసమే ఎవరో రాత్రిళ్లు కూర్చున్నారు. అది తల్చుకున్నప్పుడల్లా నాకు వాళ్లమీద గౌరవం పెరుగుతుంది.

తర్వాత బొమ్మను తిప్పడం. ఇది నాకు మరీ ఇష్టమైన విషయం, కాస్త ఎక్కువసేపు చెప్తే ఓర్చుకోండి.

ఒక కత్తి బొమ్మ గీశారు. దాన్ని 30 డిగ్రీలు తిప్పాలి. మామూలు ఫోటో ఎడిటర్ అయితే పక్కపక్క రంగుల్ని కలిపి అంచుల్ని నునుపు చేస్తుంది. నాలుగు రంగులతో గీసిన కత్తిలోకి మీరెప్పుడూ ఎంచుకోని బూడిదలు పదులకొద్దీ వచ్చి చేరతాయి. పోనీ రంగులు కలపకుండా దగ్గరి చుక్కను తెచ్చి పెట్టమంటే కత్తి అంచు విరిగి ముక్కలవుతుంది. ఇటు వెళ్తే నుయ్యి, అటు వెళ్తే గొయ్యి. దీనికి 2007లో ఒక మంచి ఉపాయం దొరికింది, పేరు రాట్‌స్ప్రైట్. సోనిక్ ఆటల బొమ్మలతో పని చేసే ఒక అభిమాని మారుపేరుతో బయటపెట్టిన పద్ధతి. ముందు బొమ్మను ఎనిమిదింతలు పెద్దది చేస్తారు, పెద్దది చేసేటప్పుడు కొత్త రంగు పుట్టించరు, ఉన్న రంగుల్లోంచే ఏది ఏ అంచుకు తగునో చూసి ఎంచుకుంటారు. ఆ పెద్దబొమ్మను తిప్పి, మళ్లీ చుక్కకొక చుక్క ఏరుకుంటూ చిన్నది చేస్తారు. కొత్త రంగు ఒక్కటీ రాదు, గీత కూడా చాలావరకు నిలుస్తుంది.

ఆ పెద్దది చేసే పద్ధతి ఇంకా పాతది. 1992లో లూకాస్ ఆర్ట్స్‌లో ఎరిక్ జాన్‌స్టన్ తమ ఆటల్ని మాకింతోష్ కంప్యూటర్లకు మారుస్తున్నప్పుడు చిన్న తెర బొమ్మల్ని రెండింతలు చేయాల్సొచ్చి కనిపెట్టాడు. 2001లో ఆండ్రియా మాజోలేని అనే ఆయన స్కేల్2ఎక్స్ పేరుతో అలాంటిదే విడిగా రాశాడు. ఒకళ్ల పని మీద ఇంకొకళ్లు, దాని మీద మరొకళ్లు. ఈ రంగంలో నడక అంతా అలాగే సాగింది.

ఇందులో ఖర్చు లేకపోలేదు. అడ్డం నిలువు ఎనిమిదేసి ఇంతలంటే చుక్కలు 64 రెట్లవుతాయి. 256 చుక్కల బొమ్మ కాస్తా 16,384 చుక్కలు. చిన్న బొమ్మకు పర్వాలేదు. పెద్ద దృశ్యాన్ని మౌస్‌తో పట్టుకుని తిప్పుతుంటే యంత్రం ఆయాసపడుతుంది. అందుకే మెనూలో రెండు మూడు పద్ధతులుంచి ఎంపిక మనకొదిలేస్తారు.

సరిగ్గా 90 డిగ్రీలు తిప్పడం తేలికే కదా అంటారా? రంగుల తంటా ఉండదు, నిజమే. కానీ నడిమధ్య ఎక్కడ? అడ్డం 15, నిలువు 8 ఉన్న ముక్కను సెలెక్ట్ చేసి తిప్పండి. తిరిగాక అడ్డం 8, నిలువు 15 అవుతుంది. రెండు ఆకారాల మధ్యబిందువులూ ఒకే చోట పడాలంటే అర చుక్క జరపాలి. అర చుక్కంటూ లేదు. కాబట్టి ఎటో ఒకవైపు పూర్తిగా జరపాలి. ఎప్పుడూ ఒకేవైపు జరిపే ప్రోగ్రాంలో నాలుగుసార్లు తిప్పి చూడండి, ముక్క మొదలున్న చోటికి రాకుండా పక్కకు జారిపోయి కనిపిస్తుంది. నాలుగు తిప్పుళ్లు తిప్పితే ఇంటికి చేరాలి. ఇలాంటి ఎడిటర్ కొత్తది ఏది చేతికొచ్చినా నేను మొదట చేసే పరీక్ష ఇదే.

కంటికి కనిపించని బగ్గులు ఇంకో రకం. ప్రతి చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలతో పాటు పారదర్శకతకు నాలుగో అంకె ఉంటుంది. అది సున్నా అయితే చుక్క కనిపించదు. కనిపించకపోయినా దానిలోపల పాత ఎరుపు అలాగే ఉండొచ్చు. ఇప్పుడు మీరు ఖాళీ జాగాలో రంగు పోస్తారు. అన్నీ ఖాళీవే అనుకుంటున్నారు మీరు. ప్రోగ్రాం నాలుగు అంకెల్నీ పోల్చి, ఇక్కడ ఎరుపుంది, ఇది వేరే రంగు అని ఆగిపోతుంది. నిండిన రంగు మధ్యలో కారణం తెలియని చిల్లులు. నాలుగో అంకె సున్నా అయితే మిగతా మూడూ చూడొద్దు అని రాస్తే సరిపోతుంది. మరమ్మతు ఒక్క వాక్యం. ఆ వాక్యం ఎక్కడ రాయాలో కనుక్కోవడానికే పట్టేది కాలమంతా.

ఈ మరమ్మతులు ఎవరు చేస్తారు, ఎవరు చేయొచ్చు అన్నది ఇప్పుడు మాట్లాడుకుందాం.

ఈ తరహా సాఫ్ట్‌వేర్‌కు పెద్దదిక్కు డీలక్స్ పెయింట్. 1985లో అమీగా కంప్యూటర్ కోసం ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థలో డాన్ సిల్వా రాశాడు. ఆ తర్వాత వచ్చినవన్నీ ఎంతో కొంత దాని పిల్లలే. మన కాలంలో ఎక్కువ పేరు తెచ్చుకున్నది ఏస్‌ప్రైట్. డేవిడ్ కపెల్లో అనే అర్జెంటీనా ప్రోగ్రామర్ 2001లో మొదలుపెట్టాడు. మొదట్లో జీపీఎల్ లైసెన్సు ఉండేది, అంటే ఎవరైనా కోడ్ తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, మార్చింది పదిమందికీ పంచొచ్చు. 2016లో ఆ లైసెన్సు మారింది. కోడ్ ఇప్పటికీ అందరికీ కనిపిస్తుంది, మన కంప్యూటర్‌లో మనమే తయారుచేసుకుని వాడుకోవచ్చు, తయారైన ప్రోగ్రాంను మాత్రం ఇంకొకరికి పంచకూడదు. అంతకుముందు జీపీఎల్ కింద ఉన్న ఆఖరి కోడ్‌ను పట్టుకుని కొందరు లిబ్రెస్‌ప్రైట్ అనే వేరుకుంపటి పెట్టుకున్నారు.

ఇందులో ఎవర్నీ తప్పుపట్టబుద్ధి కాదు నాకు. పదిహేనేళ్లు ఒక పనిని సాకినవాడికి దానిమీద బతుకుదెరువు కావాలనిపించడం న్యాయం. అలాగే, నేను బాగుచేసిన పనిముట్టు నా పక్కింటివాడికి ఇచ్చుకునే హక్కు నాకు కావాలనుకోవడమూ న్యాయమే. ఈ రెండో పక్షానికే నా మనసు మొగ్గుతుంది, దాపరికమెందుకు. పనిముట్టును చేత్తో పట్టుకున్నవాళ్లకే దాని నొప్పి ముందు తెలుస్తుంది. తెలిసినవాళ్లు దిద్దగలగాలి, దిద్దింది అందరికీ చేరాలి.

ఆ దారిలో ఇప్పుడు చురుగ్గా నడుస్తున్నది పిక్సెలోరమా. గ్రీసు దేశంలోని ఒరామా ఇంటరాక్టివ్ అనే చిన్న బృందం 2019లో విడుదల చేసింది. ఎంఐటీ లైసెన్సు, అంటే షరతులు దాదాపు లేనట్టే. విశేషమేమిటంటే దీన్ని ఆటలు తయారుచేసే గొడో ఇంజిన్ మీద కట్టారు. ఆ ఇంజిన్ కూడా ఓపెన్ సోర్సే, ఏస్‌ప్రైట్‌లాగే దాని పుట్టిల్లు కూడా అర్జెంటీనాయే.

ఒకరి ఇంజిన్ మీద ఇల్లు కట్టుకుంటే పునాది కదిలినప్పుడల్లా ఇల్లు కూడా సర్దుకోవాలి. 2023లో గొడో నాలుగో వెర్షన్ వచ్చింది, పాత కోడ్ దానిమీద ఉన్నదున్నట్టు నడవదు. ఉదాహరణకు, మూడో వెర్షన్‌లో బొమ్మలోని ఒక చుక్క రంగు చదవాలన్నా మార్చాలన్నా ముందు ఆ బొమ్మకు తాళం వేయాలి, పనయ్యాక తీయాలి. నాలుగో వెర్షన్ ఆ తాళం పద్ధతినే ఎత్తేసింది. చుక్కలతోనే బతికే ప్రోగ్రాంలో అలాంటి చోట్లు ఎన్నుంటాయో ఊహించుకోండి. ఒక్కో చోటా వెతికి మార్చుకుంటూ రావాలి. ఆ మార్పిడంతా దాటుకుని పిక్సెలోరమా 1.0 వెర్షన్ 2024లో బయటికొచ్చింది. వాడేవాళ్లకు ఆ కాలమంతా బయటికి కనిపించే కొత్త బొమ్మసామాను తక్కువ. ఇలాంటి నిశ్శబ్దపు రోజుల్లోనే, ఈ ప్రాజెక్టు ఆగిపోయిందా అనే అనుమానాలు పుడతాయి. ఆగలేదు, నేల కింద పని జరుగుతోందంతే.

ఆ వెర్షన్‌లోనే ఫైలు లోపలి కట్టు కూడా మారింది. పిక్సెలోరమా మన బొమ్మల్ని దాచే పీఎక్స్ఓ ఫైలు ఇప్పుడు లోపల మామూలు జిప్ ఫైలే. రేపు ఏ కారణం చేతనైనా ఈ ఎడిటర్ మన దగ్గర లేకుండా పోయినా, జిప్ విప్పే ఏ సాధనంతోనైనా మన బొమ్మల తాలూకు సరంజామా బయటికి తీసుకోవచ్చు. దీనికి చప్పట్లు కొట్టినవాళ్లు తక్కువ, నేను మాత్రం మనసారా కొట్టాను.

దాని తర్వాత 1.1లో చాలాకాలంగా అందరూ అడుగుతున్న రెండు వచ్చాయి. ఒకటి టైల్‌మ్యాప్ లేయర్లు: ఒక గడ్డిముక్క గీసి వందచోట్ల పరిస్తే, ఒక్కచోట దిద్దగానే వందా మారతాయి. రెండోది ఇండెక్స్‌డ్ పద్ధతి, అంటే చుక్కలో రంగు బదులు రంగు వరససంఖ్య దాచడం. పాలెట్‌లో ఐదో రంగును ముదురు చేస్తే బొమ్మంతటా ఐదో నంబరు చుక్కలన్నీ ముదురవుతాయి. పాత గేమ్ యంత్రాలు తప్పనిసరై చేసిన పని ఇది. ఇవాళ కావాలని చేస్తున్నాం, ఎందుకంటే పరిమితమైన రంగుల్లో పని చేసేవాళ్లకు అడగని రంగు రాకుండా కాపలా ఇదే.

అడగని చోటికి రంగు రావడం అన్నిచోట్లా తప్పు కాదు. పోచంపల్లిలో ఇక్కత్ చీరకు డిజైన్‌ను ముందు గ్రాఫ్ కాగితం మీద గడిగడిగా నింపి చూసుకుంటారు, ఆ లెక్క ప్రకారం నూలుకు కట్లు కట్టి రంగులో ముంచుతారు. అక్కడ అంచుల్లో రంగు కాస్త పక్కకు పాకుతుంది, ఆ పాకడమే ఆ బట్టకు అందం. మన పిక్సెల్ బొమ్మలో అదే పాకడం దోషం. గడులు రెండుచోట్లా అవే, నీతి వేరు.

కదిలే బొమ్మల దగ్గర మరో చిక్కు. మీరు సెకనుకు 12 ఫ్రేముల లెక్కన బొమ్మ కదిలించి జిఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేశారు. 1987 నాటి ఆ ఫార్మాట్‌లో ఒక ఫ్రేము ఎంతసేపుండాలో సెకనులో నూరో వంతుల్లోనే చెప్పాలి. 12 ఫ్రేములకు ఒక్కోటి 8.33 వంతులు రావాలి. భిన్నం రాయడానికి వీల్లేదు, 8 అని రాస్తారు. అప్పుడది సెకనుకు 12.5 ఫ్రేములవుతుంది. వంద ఫ్రేముల బొమ్మ 8.33 సెకన్లు నడవాల్సింది సరిగ్గా 8కే అయిపోతుంది. తెరమీద సంగీతానికి సరిపోయిన అడుగులు జిఫ్‌లో ముందుకు ఉరుకుతాయి. ఇది ఎడిటర్ తప్పు కాదు, కానీ ఫిర్యాదు వచ్చేది ఎడిటర్ గుమ్మానికే. మూడు ఫ్రేములకు 8, 8, 9 అని పంచితే లెక్క సరిగ్గా సరిపోతుంది. ఇక్కడ చుక్క చోటు తప్పడం కాదు, క్షణం తప్పడం.

ఇక మన తెలుగు సంగతి. ఇంగ్లిషు అక్షరానికి అడ్డం 5, నిలువు 7 చుక్కలు చాలు. మనకు పైన తలకట్టో గుడో, నడుమ అక్షరం, కింద వత్తు, మూడంతస్తులు కావాలి. ‘స్త్రీ’ గీసి చూడండి. పైన గుడిదీర్ఘం, కింద తవత్తు, ఎడమనుంచి చుట్టుకొచ్చే రవత్తు, ఇవన్నీ విడివిడిగా తెలియాలంటే 16 చుక్కల ఎత్తు కూడా ఇరుకే. ‘కథ’ చూడండి. ఆ థ కడుపులో ఉండేది సరిగ్గా ఒక్క చుక్క. ఆ చుక్క రాలిపోతే కథ కాస్తా కధ అయి కూర్చుంటుంది. రాకూడని చోట వస్తే ధనం థనం అవుతుంది. ఇంత పొదుపుగా గీసిన అక్షరాన్ని ఎడిటర్ పక్కకు జరిపేటప్పుడో పెద్దది చేసేటప్పుడో ఒక్క చుక్క తినేస్తే పోయేది బొమ్మ అందం కాదు, మాట.

టైపు చేసిన తెలుగు విషయంలో గొడో మార్పిడి మనకు నేరుగా మేలు చేసింది. మూడో వెర్షన్‌కు మనలాంటి లిపుల్లో అక్షరాల్ని కలిపి పేర్చడం తెలియదు, వత్తు కింద కూర్చోకుండా పక్కనే నిలబడేది. నాలుగో వెర్షన్‌లో హార్ఫ్‌బజ్, ఐసీయూ అనే రెండు ఓపెన్ సోర్స్ లైబ్రరీలు చేరాయి. వత్తులు వాటి చోటికి వెళ్లాయి. పిక్సెలోరమాలో ఆ తర్వాత టెక్స్ట్ టూల్ కూడా వచ్చింది. ఆ లైబ్రరీలు రాసినవాళ్లకు ఈ ఎడిటర్ ధ్యాస లేదు, ఈ ఎడిటర్ బృందానికి స్త్రీ అనే మాట ధ్యాస ఉండి ఉండదు. అయినా పని వచ్చి మన గుమ్మంలో వాలింది.

మీలో ఎవరైనా ఈ పూట పిక్సెలోరమా తెరిచి, ఎక్కడో తేడా కనిపెడితే, ‘పని చేయడం లేదు’ అని ఆ బృందానికి ఒక్క వాక్యం పంపి ఊరుకోకండి. వెర్షన్ నంబరు ముందు రాయండి. విండోసా, లినక్సా, బ్రౌజరా చెప్పండి. కొత్త ఫైలు తెరిచి, 16 బై 16 పెట్టి, అదే తప్పు మళ్లీ రప్పించండి. ఎన్ని మెట్లలో వచ్చిందో వరసగా రాయండి, ఒక్క మెట్టు కూడా తెలిసిందే కదా అని వదలొద్దు. అద్దం పెట్టి ఉందా, ఏ లేయర్‌లో ఉన్నారు, బ్రష్ కొలత ఎంత, ఇవే ఎక్కువసార్లు అసలు కీలకం. తెరను ఫోనుతో ఫోటో తీసి పంపితే చుక్కలు లెక్కపెట్టలేరు, పీఎక్స్ఓ ఫైలునే జతచేయండి. మీకంటే ముందు ఎవరైనా అదే రాసి ఉంటే కొత్త ఫిర్యాదు తెరవకుండా, మీ వివరాలు వాళ్ల ఫిర్యాదు కింద చేర్చండి.